రెండు పాపిట్ల చిప్ప

ఆ రోజుల్లో మా వైపు అన్నిటికీ కరువు వచ్చేది గానీ రాళ్ళకు మాత్రం ఏనాడూ రాలేదు. వానకు వచ్చింది, జొన్నలకు వచ్చింది, కిరసనాయిలుకు వచ్చింది, పెళ్ళికొడుకులకు కూడా ఒకటి రెండేళ్ళు వచ్చిందని చెప్పుకునేవాళ్ళు. రాళ్ళు మాత్రం ఎక్కడ చూసినా రాళ్ళే: పొలంలో రాళ్ళు, దారిలో రాళ్ళు, అంగట్లో తెచ్చిన బియ్యంలో రాళ్ళు. అలాంటి సీమలో పుట్టి, మద్రాసు దాకా పోయి, అక్కడ మళ్ళీ రాళ్ళ శాస్త్రమే చదివి వచ్చిన నన్ను చూసి మా హిందూపురం వీధిలో నవ్వని మనిషి లేడు. నాయన నా చిన్నప్పుడే పోవడంతో అమ్మా నేనూ మేనమామ ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయనైతే మొహం మీదే అనేశాడు: "ఏమప్పా, రాళ్ళు చూసేదానికి మద్రాసుకు పోవల్లనా? మన చేన్లోకి పోయింటే ఎద్దుల్ని గూడా తోలుకొని వస్తాంటివి గదా!" (ఈ మాటకు జవాబు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. ఆయన బతికున్నంత కాలం, దొరికిందని అబద్ధం చెబుతూ వచ్చాను.)

నాకు పెనుకొండలో ఒక బడిలో సైన్సు అయ్యవారి ఉద్యోగం దొరికింది. పాఠాలు చెబుతున్నా నా ప్రాణమంతా శిలాజాల మీద, వాటిలోనూ బ్రాకియోపాడ్లనే చిప్పల మీద ఉండేది. డెవోనియన్ అనే కాలంలో, అంటే ముప్పై కోట్ల ఏళ్ళ కిందట, సముద్రం అడుగున ఇవి కోట్లకొద్దీ బతికాయి. (ముప్పై కోట్లన్నది అప్పటి పుస్తకాల లెక్క. తర్వాతి వాళ్ళు ఇంకొన్ని కోట్లు పెంచారు. అన్ని ధరలూ పెరిగాయి, ఇదీ పెరిగింది.) మనం ఏటి ఒడ్డున చూసే ఆల్చిప్పకు రెండు చిప్పలూ సమానంగా ఉంటాయి గానీ, ఒక చిప్పను నడిమికి చూస్తే ఈ పక్కకూ ఆ పక్కకూ పొంతన ఉండదు. వీటిది తలకిందుల వ్యవహారం. పై చిప్ప ఒక సైజు, కింది చిప్ప ఇంకో సైజు. కానీ ఏ చిప్పను తీసుకున్నా, నడినెత్తిన పాపిట తీసినట్టు ఎడమా కుడీ అచ్చు ఒకటే. ఈ ముచ్చట నేను ఎంత సంబరంగా చెప్పినా మా బడి పిల్లలు ఆవలించేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు. చూపించడానికి నా దగ్గర ఒక్క చిప్ప కూడా లేదు. పెనుకొండ కొండ మీది గుండ్లు, లోకంలో ఏ ప్రాణికీ చిప్పలు పుట్టకముందే పుట్టినవి. వాటిలో శిలాజాన్ని వెతకడమంటే పెళ్ళి కాని ఇంట్లో మనుమల్ని వెతకడమే. ఆ సంగతి తెలిసీ నేను ప్రతి సాయంత్రం సుత్తి పట్టుకుని కొండెక్కేవాణ్ణి. వయసు అలాంటిది.

ధర్మవరంలో మా అవ్వ, అంటే మా నాయన అమ్మ, తన చిన్న కొడుకుతో ఉండేది. ఆయన నాకు చిన్నాయన. తెల్లవాళ్ళ కాలంలో సైన్యంలో రోడ్లు వేసే పటాలంలో చేరి, వాయవ్య సరిహద్దులో చిత్రాల్ అనే కొండసీమ దాకా పోయి వచ్చిన మనిషి. (ఇప్పుడది మన దేశంలో లేదు.) అందుకని బంధువులంతా ఆయన్ను రోడ్డు చిన్నాయన అనేవాళ్ళు. పటాలానికి పోయేనాటికి మా చిన్నమ్మ ఇంకా అచ్చనగాయలాడే వయసులో ఉందట. "మంచి తెల్లటి రాళ్ళు తెచ్చిస్తా, ఏడవద్దు" అని చెప్పి రైలెక్కాడట. అక్కడ కొండను మందు పెట్టి పేలిస్తే రాతి పొరల్లోంచి చిప్పలు జలజలా రాలేవట. తోటివాళ్ళు కంబళ్ళూ కుంకుమపువ్వూ పోగేసుకుంటుంటే, ఈయన ఖాళీ తూటాల పెట్టెలో పెళ్ళానికి ఆటరాళ్ళు పోగేశాడు. ఆ పెట్టె నిండకముందే ఇక్కడ చిన్నమ్మ జ్వరంతో పోయింది. ఆయనకు కబురు చేరి, సెలవు దొరికి, ధర్మవరం స్టేషన్లో దిగేసరికి ఆమె కర్మలన్నీ ఎవరో దూరపు బంధువు చేసేశాడు. పెట్టె మంచం కిందికి పోయింది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

నేను ఆ పెట్టెను చూడటం పూర్తిగా అనుకోకుండా జరిగింది. ఒక ఆదివారం అవ్వను చూడటానికి పోయి, ఆమె మంచం కింద చింతపండు కుండ అందుకోబోతే ఇనప పెట్టె తగిలింది. మూత తీశాను. మద్రాసులో గాజు బీరువా బయట నిలబడి చూసినవన్నీ, తాకితే ఊరుకోరని చేతులు వెనక్కి కట్టుకుని చూసినవన్నీ, పట్టుచీర పీలికల మధ్య పడుకుని ఉన్నాయి. నేను వేసిన కేకకు అవ్వ తేలు కుట్టిందనుకుని చీపురుతో పరుగెత్తుకొచ్చింది.

ఇక అక్కణ్ణించి ప్రతి ఆదివారం నేను పెనుకొండలో బండెక్కడం, ధర్మవరంలో దిగడం, చిన్నాయనా నేనూ నడవలో చాప పరుచుకుని చిప్పలు పోల్చడం. నా దగ్గర మద్రాసు ప్రొఫెసరు దగ్గర బతిమాలి తెచ్చుకున్న బొమ్మల పుస్తకం, బడి నుంచి తెచ్చిన కొలత పరికరం. చిన్నాయన దగ్గర ఆయన సొంత శాస్త్రం. రెండు పక్కలా రెక్కలు చాచినట్టుండేది గద్ద, వీపు ఉబ్బినది గూని, సన్నటి గీతలతో విచ్చుకున్నది విసనకర్ర. బొమ్మకూ చిప్పకూ పోలిక కుదిరిందా లేదా అనేది ఆయన పిల్లను చూడటానికి వచ్చిన పెద్దమనిషిలా తేల్చేవాడు. "ముక్కు సరిపోయింది గానీ నడుము వెడల్పుండాది, ఈ సంబంధం వద్దప్పా." ఇంకోదాన్ని ఎత్తి, "ఇది కుదిరిండాది. రాసుకో. తాంబూలాలు పుచ్చుకో." అవ్వ మాత్రం దూరంగా కూర్చుని సణిగేది. "మీసాలొచ్చిన మొగోళ్ళు గవ్వలాడుకుంటాండారు. ఎవురన్నా చూస్తే నవ్వుతారు, తలుపన్నా మూయండి." (తలుపు ఆమే మూసేది. మూసి, మా పక్కనే కూర్చుని, ఏది బాగుందో వేలు పెట్టి చూపించేది.)

అలా దాదాపు పెట్టె అంతా పెళ్ళిళ్ళు అయిపోయాక, ఒకటి మిగిలింది. చిన్నాయన దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేశాడు. "అది వంకరది లేప్పా, దానికి యాడ సంబంధం దొరుకుతాది" అన్నాడు. చేతిలోకి తీసుకుని చూస్తే నా ఒళ్ళు జల్లుమంది. రెక్కల జాతి చిప్పకు నడిమధ్యన ఒక్కటే లోయ ఉంటుంది, ఒక్క పాపిట లాగా. దీనికి రెండు ఉన్నాయి. రెండు జడల పిల్లకు తీసినట్టు, ఒకదాని పక్కన ఒకటి, గీసినంత తీరుగా. పుస్తకం ఈ చివర నుంచి ఆ చివరకు తిరగేశాను. అలాంటిది లేదు.

"చిన్నాయనా, ఇది లోకంలో ఎవరూ చూడందేమో!"

"చూడకుంటే?"

"చూడకుంటే దీనికి పేరు లేదు. మనమే పెట్టాలి. దొరికించుకున్న మనిషి పేరు కూడా పెడతారు."

ఆయన బీడీ ఆర్పేశాడు. ఆ చిప్పను అరచేతిలోకి తీసుకున్నాడు. "నా పేరా?" అన్నాడు. "నీ పేరే. చివర లాటిన్లో ఒక తోక తగిలిస్తారు, అంతే." "తోక ఎందుకప్పా?" "అది వాళ్ళ ఆచారం." "ఉండనీలే. తోకున్నా పర్వాలేదు, పేరుంటే సాలు." తర్వాత గొంతు తగ్గించి, అవ్వకు వినపడకుండా అన్నాడు. "నాకా పిల్లల్లేరు. నేను పోతే నా పేరు పలికే దిక్కు లేదు. నేనేసిన రోడ్డుండాది, దాని మింద నా పేరు లేదు. దీనికన్నా పెట్టించప్పా." ఆ మాటకు నేను ఎగిరి గంతేసి మాట ఇచ్చేశాను. ఆ వయసులో మాట ఇవ్వడం ఎంత సులువో ఇప్పుడు తలచుకుంటే భయమేస్తుంది.

ఆ వారమంతా ధర్మవరం బజారులో చిన్నాయన తోక కథ తప్ప ఇంకో కథ లేదట. తన పేరు లండన్ పుస్తకంలో అచ్చు కాబోతోందనీ, దానికి తోక కూడా ఉంటుందనీ మగ్గాల దగ్గరా టీ అంగట్లోనూ అందరికీ చెప్పాడు. "ఏమబ్బా, తోక మొలిచిందా?" అని అడిగితే కోపం తెచ్చుకోకపోగా, "ఇంగా లేదు, మద్రాసు పోవల్ల" అనేవాడు. నేను సెలవు పెట్టి, చిప్పను దారిలో పారేస్తానేమోనని దాని బొమ్మను ఎంతో జాగ్రత్తగా గీసి, మద్రాసు పోయి ప్రొఫెసరుకు చూపించాను. ఆయన భూతద్దం పెట్టి బొమ్మను చూసి, "బొమ్మ అబద్ధమాడవచ్చు, చిప్ప ఆడదు. చిప్ప తీసుకురా. ఇదే నిజమైతే నీకు నా దగ్గర పరిశోధనకు చోటుంది, మీ చిన్నాయనకు పేరుంది" అన్నాడు. తిరుగు రైల్లోనే ధర్మవరం వచ్చి చెబితే, చిన్నాయన తనూ వస్తానన్నాడు. "పేరు పెట్టించుకునేదానికి మనిషి పోకుంటే ఎట్లప్పా? బాలసారెకు బిడ్డను ఎత్తుకొని పోయేది పెద్దోళ్ళే గదా." అని ఊరుకోకుండా కోటుకు కొలతలిచ్చాడు. పటాలం వదిలాక ఆయన కుట్టించుకున్న మొదటి కోటు అదే.

కోటు కుట్టేవాడు గుండీలు కుట్టకముందే చిన్నాయనకు ఛాతీలో నెమ్ము చేరింది. రెండు వారాలు కూడా పట్టలేదు. జ్వరంలో కూడా ఆ చిప్పను వదల్లేదు, పిడికిట్లోనే పెట్టుకున్నాడు. ఎవరైనా తీయబోతే, "మద్రాసుకు పోవల్ల, యాడన్నా పారేస్తారు" అని గదిమేవాడు. ఆఖరి పూట నేను పక్కనే ఉన్నాను. "ఆ తోక ఏదప్పా, ఒగ తూరి చెప్పు" అన్నాడు. ఆయన పేరుకు లాటిన్ తోక తగిలించి చెప్పాను. పెదవుల మీద ఒకసారి పలికి చూసుకుని, బాగుందన్నట్టు తలాడించాడు. మధ్యాహ్నానికి పోయాడు. అవ్వ ఏడవలేదు. "ఇద్దురూ నా కంటె ముందే పోయిరి" అని మాత్రం అంది.

కొడుకులు లేరు, మా నాయన అప్పటికే లేడు కాబట్టి కర్మ చేసే బాధ్యత నామీద పడింది. ఇక్కడ మా ఇళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. పోయిన మనిషికి పది రోజుల పాటు ఒక రాయే ఇల్లు. దహనం నాడు శ్మశానంలో ఒక చిన్న రాయిని ఏరి, మంత్రం చెప్పి, ఇంటికి తెచ్చి, వాకిలి పక్క చిన్న గుంటలో పెడతాం. రోజూ నువ్వుల నీళ్ళు వదిలి, అన్నం ముద్ద పెడతాం. పోయినవాడు అందులోనే ఉంటాడు. పదో రోజు ఆ రాయిని ఏటికి తీసుకుపోయి, భుజం మీదుగా వెనక్కి విసిరి, తిరిగి చూడకుండా వచ్చేయాలి. చూస్తే ఆయన పోవాల్సిన చోటికి పోలేక మన వెంటే తిరిగొచ్చేస్తాడట.

మా పురోహితుణ్ణి ఊళ్ళో అద్దాల సామి అనేవాళ్ళు. అద్దాలు ఉండేవి గానీ అందులో ఒకటి పగిలి ఏళ్ళయింది, రెండోది పగలకపోయినా లాభం లేదు. చితి దగ్గర పాడె దించేటప్పుడు చిన్నాయన చెయ్యి పక్కకు జారి, పిడికిలి సడలింది. నేను స్నానం చేసి తడిగుడ్డలతో వణుకుతూ ఏమీ చూసే స్థితిలో లేను. "చిన్న రాయి కావల్లప్పా, ఒగ చిన్న రాయి" అంటూ అద్దాల సామి వంగి నేల తడిమాడు. "ఇదో, దొరికె" అని నా అరచేతిలో పెట్టి, దర్భ చుట్టి, గడగడా మంత్రం చెప్పేశాడు. చేతికి గీతలు తగిలితే అప్పుడు చూశాను. రెండు పాపిట్లు.

"సామీ, ఇది రాయి కాదు!"

"రాయి కాకుంటే ఇంగేందప్పా?"

"జంతువు సామీ!"

సామి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "జంతువా! బతికుండాదా, సచ్చిండాదా?"

"చచ్చిపోయింది."

"ఎప్పుడు?"

"ముప్పై కోట్ల ఏళ్ళయింది."

సామి పంచాంగం చూసినట్టు కాసేపు ఆకాశం చూసి, "అయితే దాని మైల తీరిపోయింటాది లే, గట్టిగా పట్టుకో" అన్నాడు. పాడె మోసినవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకూ నవ్వు వచ్చింది. చిన్నాయన ఉంటే చాప మీద పడి దొర్లేవాడు గదా అని తోచింది, ఆ తోచడంతోనే ఏడుపు తన్నుకొచ్చింది. అప్పటిదాకా రాని ఏడుపంతా అక్కడే ఏడ్చాను. ఏడుస్తూనే, "వేరే రాయి పెడదాం సామీ" అన్నాను. "మంత్రం అయిపోయెనే! మీ చిన్నాయన అప్పుడే అందులోకి పోయినాడు. నడిమధ్యలో ఇల్లు మారిస్తే యాడని వెతుక్కుంటాడప్పా పాపం?" అన్నాడు ఆయన. నేను పిడికిలి బిగించుకున్నాను.

ఇంటికొచ్చి గుంటలో పెడుతుంటే అవ్వ చూసింది. చూసి, దగ్గరకు వచ్చి కూలబడింది. "ఇది వాని రాయే గదప్పా!" సంగతి చెప్పాను. అప్పుడు ఏడ్చింది ఆమె, అదీ సంతోషంతో. "వానికి కావల్సింది వాడే ఏరుకున్నాడు సూడు. వాని పెండ్లానికి ఎవురో పరాయోడు దారినబోయే రాయి పట్టినాడు. వానికి మనోడు పట్టినాడు, వాని రాయే పట్టినాడు." ఆ రోజు నుంచి అవ్వ మకాం వాకిలి దగ్గరే. ఎండ పడితే కొంగు అడ్డం పెట్టేది. "తిన్నావా నాయనా, ఈ పొద్దు ఉప్పు తక్కువయింది, ఏమనుకోవద్దు" అని చిప్పతో చెప్పేది. నేను నువ్వుల నీళ్ళు వదులుతూ ఒక పక్క దుఃఖంలో ఉన్నాను, ఇంకో పక్క నా పరిశోధన చోటు, చిన్నాయన పేరు, ఆయనకిచ్చిన మాట, మూడూ కలిసి ఆ గుంటలో తడుస్తున్నాయి. ఏం చేయాలో తోచక, మంత్రాల మధ్యలో దర్భను చిప్పకు ఆనించి, గోటితో గుర్తు పెట్టుకుని వెడల్పు కొలుస్తుంటే అద్దాల సామికి అంత మసకలోనూ కనిపించింది. "ఏమప్పా, దర్భ కొలతలకు కాదు!" మైనంతో అచ్చు తీసుకుంటానని అడిగితే, "మీ చిన్నాయన మొగానికి మైనం పూస్తావా?" అన్నాడు. ఒక రోజు అన్నం ముద్ద చిప్పకు ఒత్తుకుని, తీసేసరికి ముద్ద మీద రెండు పాపిట్లూ రెక్కల గీతలూ అచ్చంగా పడ్డాయి. అంత చక్కటి అచ్చు మద్రాసులో కూడా తీయలేరు. నేను ఊపిరి బిగబట్టి చూస్తుండగానే కాకి వచ్చి ఎత్తుకుపోయింది. శాస్త్రానికి నా తరఫున అందిన మొదటి కానుకను కాకి తినేసింది. (మామూలుగా పిండాన్ని కాకి ముట్టకపోతే ఏడుస్తారు. ముట్టిందని ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.)

పదో రోజుకు ముందటి సాయంత్రం అవ్వ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ మద్రాసాయప్ప దీన్ని సూడల్లంటాండాడంట గదా? వాని పేరు పెట్టేదానికి?" నేను తలూపాను. "నువ్వు మాట ఇచ్చినావంట. వాడు నాతో చెప్పినాడు. నాకు వినపడదనుకొని మీరిద్దురూ గుసగుసలాడితిరి గానీ, వాడు నాకు చెప్పకుండా ఉంటాడా?" చిప్ప మీద చేయి పెట్టింది. "నీకు కావల్లంటే పెట్టుకో నాయనా. ఏట్లో వేరే రాయి వేద్దువు. నేనేమీ అనను, సామికీ చెప్పను. కానీ నాకొగటి చెప్పు. ఏట్లో వదిలితే వాడు వాళ్ళ నాయన దగ్గరికి, మీ నాయన దగ్గరికి పోతాడు. రేపు నేనూ ఆడికే పోతా, ఆడ కనపడతాడు. పుస్తకంలోకి పోతే? నాకు సదువు రాదే. నేనెట్ల వాణ్ణి సూసుకొనేది?"

నాకు చదువు వచ్చు. ఎంత చదువో వచ్చు. నేనూ ఆమె చేతి మీద చేయి వేసి కూర్చున్నాను.

మర్నాడు చిత్రావతికి పోయాం. ఎండాకాలం, ఏట్లో చుక్క లేదు, ఎటు చూసినా ఇసుకే. స్నానానికి ఇసుకలో చెలమ తీసి ముంచుకోవాల్సి వచ్చింది. కర్మ అంతా అయ్యాక సామి చిప్పను నా చేతిలో పెట్టాడు. ఆఖరిసారి చూసుకున్నాను. పది రోజుల నీళ్ళకు మన్నంతా పోయి, గీతలు కొత్తగా చెక్కినట్టు ఉన్నాయి. అంత అందంగా అది ఎప్పుడూ లేదు. నా బొమ్మలో కనపడని సన్నటి గీతలు ఎన్నో అప్పుడే కనపడ్డాయి. "ఎనక్కి ఇసురు నాయనా, తిరిగి సూడద్దు" అన్నాడు సామి. చిన్నాయన పేరు తోకతో సహా మనసులో ఒకసారి అనుకుని, భుజం మీదుగా విసిరేశాను. నీళ్ళుంటే బుడుంగుమని శబ్దం వచ్చేది, పోయింది, ఇక దొరకదు అని మనసుకు సర్దిచెప్పుకునేవాణ్ణి. నీళ్ళు లేవు. ఇసుకలో 'దప్' మంది. నాకు నాలుగు బారల వెనక, పట్టపగలు, ఎండలో, అది పడి ఉంది. మెడ తిప్పితే కనపడుతుంది. వంగితే చేతికొస్తుంది. సామి నా భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి నన్ను ఆపడానికో, తనకు దారి కనపడకో ఈనాటికీ తెలియదు. ఇద్దరం నడిచి గట్టెక్కేశాం. ఆ ఏడు వాన పడి, ఎప్పుడూ పారని చిత్రావతి గట్లు తెంచుకుని పారింది. అది దాని మొండితనం.

మాట ఇచ్చాను కాబట్టి గుండుతోనే మద్రాసు పోయాను. బొమ్మ, దర్భ కొలతలు బల్ల మీద పెట్టాను. "చిప్ప?" అన్నాడు ప్రొఫెసరు. నాకు తెలిసిన ఇంగ్లీషులో ఈ పది రోజుల సంగతి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. "చిన్నాయన వెంట పోయిందండీ" అని మాత్రం చెప్పాను. ఆయన నా గుండు వైపు చూసి, అర్థం చేసుకున్నట్టు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలిన చిప్ప కూడా అలా రెండు లోయలతో పెరుగుతుందనీ, అది నిజంగా కొత్త జాతో, దెబ్బతిన్న పాతదో చిప్ప చేతిలో ఉంటేనే తేలుతుందనీ, ఇక ఎప్పటికీ తేలదనీ మెల్లగా చెప్పాడు. కాఫీ తెప్పించి ఇచ్చాడు. పరిశోధన చోటు ఇంకెవరికో పోయింది. నేను పెనుకొండ పిల్లల ఆవలింతల దగ్గరికి తిరిగొచ్చాను. మరుసటి ఏడు అవ్వ కూడా పోయింది. ఆమెకు నేనే రాయి పట్టాను, మామూలు రాయి. పోతూ పోతూ తూటాల పెట్టె నాకిమ్మని చెప్పిందట. అందులోని చిప్పలన్నిటికీ పేర్లున్నాయి, ఎవరెవరివో దొరల పేర్లు, తోకలతో సహా. అవి చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎవరి మీదో తెలియదు.

చిన్నాయన పేరేమిటని మీరు అడగవచ్చు. అది అచ్చు కావాల్సిన చోటు ఇది కాదు, అందుకని రాయను. ఇప్పుడు ఆయన కంటే నేను వయసులో చాలా పెద్దవాణ్ణి. నా భార్య పుట్టిల్లు కదిరి కావడంతో ధర్మవరం నుంచి ఆ రైలు ఎన్నోసార్లు ఎక్కాల్సి వస్తుంది. చిత్రావతి వంతెన రాగానే పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి జరుగుతారు, నేను మాత్రం తల పక్కకు తిప్పి గోడ వైపు చూస్తూ కూర్చుంటాను. "ఏంది, మళ్ళా మెడ పట్టిండాదా?" అంటుంది ఆమె. అవునంటాను. తిరిగి చూస్తే వెంట వచ్చేస్తాడన్నారని ఆ రోజు చూడలేదు. ఈ వయసులో, వస్తే రానీలే, చాప పరుచుకుని కూర్చుందాం అనిపిస్తుంది. మెల్లగా మెడ తిప్పబోతాను. అప్పటికి వంతెన దాటిపోయి ఉంటుంది.